వ్యాయామం, మెదడు: తేలవలసిన ప్రశ్నలు ఎక్కడున్నాయి?

రోజూ నడిస్తే వృద్ధాప్యంలో మతి తప్పదన్న నమ్మకం గత పాతికేళ్లలో ఎంతగా స్థిరపడిందంటే, దానికి రుజువు ఏమిటని అడగడమే చాలామందికి అనవసరంగా తోస్తుంది. వ్యాయామం గుండెకు, మధుమేహ నియంత్రణకు, నిద్రకు, దిగులు తగ్గడానికి మేలు చేస్తుందనడంలో సందేహం లేదు. కానీ అది డిమెన్షియాను, అంటే జ్ఞాపకం, ఆలోచన క్షీణించే జబ్బును ఆపుతుందా, వాయిదా వేస్తుందా, వేస్తే ఏ వయసులో, ఎంతకాలం చేసిన, ఎలాంటి వ్యాయామం ఆ పని చేస్తుందన్న ప్రశ్నలకు పరిశోధన ఇచ్చిన జవాబులు ఒకదానితో ఒకటి పొసగడం లేదు. లక్షల మందిని ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనాలు ఒకటి చెబుతుంటే, జనాన్ని లాటరీ పద్ధతిలో బృందాలుగా విడదీసి చేసిన ప్రయోగాలు మరొకటి చెబుతున్నాయి. ఈ పేచీకి మూలం చాలావరకు కాలంలో ఉందని నా అభిప్రాయం. జబ్బు దశాబ్దాల పాటు నిశ్శబ్దంగా ముదురుతుంది. దాని మీద చేసే ప్రయోగాలు నెలల్లో ముగిసిపోతున్నాయి.

ఈ ఆశకు జీవశాస్త్రపరమైన పునాది ఎలుకల మీద పడింది. 1995లో, చక్రం మీద పరుగెత్తిన ఎలుకల మెదడులో నాడీకణాల ఎదుగుదలకు తోడ్పడే బీడీఎన్‌ఎఫ్ అనే ప్రొటీన్ ఎక్కువగా తయారవుతోందని బయటపడింది. 1999లో అమెరికాలోని సాల్క్ ఇన్‌స్టిట్యూట్‌లో హెన్రియెట్ వాన్ ప్రాగ్, గెర్డ్ కెంపర్‌మాన్, ఫ్రెడ్ గేజ్ కలిసి, పరుగెత్తే చిట్టెలుకల హిప్పోక్యాంపస్‌లో కొత్త నాడీకణాలు ఎక్కువగా పుడుతున్నాయని చూపారు. కొత్త జ్ఞాపకాలు నిలవడానికి కీలకమైన భాగం అదే. డిమెన్షియాలో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే రకమైన అల్జీమర్స్ తొలి దశల్లోనే దెబ్బతినేదీ అదే. 2020లో మరో అమెరికా బృందం, వ్యాయామం చేసిన ఎలుకల ప్లాస్మాను, అంటే రక్తంలోని ద్రవభాగాన్ని ముసలి ఎలుకలకు ఎక్కిస్తే వాటి జ్ఞాపకశక్తి మెరుగుపడిందని, అందులో కాలేయం విడుదల చేసే ఒక ఎంజైముకు పాత్ర ఉందని తేల్చింది. కండరం, కాలేయం, రక్తం మెదడుతో మాట్లాడుతున్నాయనడానికి ఇవి బలమైన ఆధారాలు.

అయితే ఎలుక నుంచి మనిషికి వచ్చే దారిలో రెండు అడ్డంకులున్నాయి. ప్రయోగశాలలో ఎలుక మామూలుగా పెరిగేది కదలడానికి చోటు చాలని ఖాళీ పంజరంలో. అందులో చక్రం పెట్టినప్పుడు మనం చూస్తున్నది వ్యాయామం ఇచ్చిన అదనపు లాభమా, లేక అసహజమైన బంధనం వల్ల కలిగిన నష్టం తీరడమా అన్నది స్పష్టం కాదు. రెండోది, పెద్దవాళ్ల మెదడులో కొత్త నాడీకణాలు అసలు చెప్పుకోదగినంతగా పుడతాయా అన్న విషయంలోనే నిపుణులకు ఏకాభిప్రాయం లేదు. 2018లో కొద్ది వారాల తేడాతో వెలువడిన రెండు పరిశోధనల్లో ఒకటి బాల్యం దాటాక అవి దాదాపు కనిపించవని చెబితే, మరొకటి డెబ్బైలలో కూడా పుడుతూనే ఉంటాయని చెప్పింది.

మనుషుల మీద జరిగిన పనిలో అందరికంటే ఎక్కువ పేరు వచ్చింది 2011లో కిర్క్ ఎరిక్సన్, ఆర్థర్ క్రేమర్ బృందం ప్రచురించిన ప్రయోగానికి. 120 మంది పెద్దవాళ్లలో సగం మంది ఏడాది పాటు వారానికి మూడు రోజులు, క్రమంగా నలభై నిమిషాల దాకా నడిచారు. మిగిలిన సగం ఒళ్లు సాగదీసే తేలికపాటి కసరత్తులు చేశారు. నడిచినవారి హిప్పోక్యాంపస్ పరిమాణం సుమారు 2 శాతం పెరిగింది, రెండో బృందంలో 1.4 శాతం తగ్గింది. ఈ అంకెలు ప్రపంచమంతా తిరిగాయి. వాటితోపాటు తిరగవలసిన మరో ఫలితం మాత్రం వెనకబడింది: జ్ఞాపకశక్తి పరీక్షలో రెండు బృందాలూ మెరుగుపడ్డాయి, వాటి మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. దీనికి ఒక ఏడాది ముందు కెనడాలోని వాంకూవర్‌లో 155 మంది మహిళల మీద తెరెసా లియూ-ఆంబ్రోస్ బృందం చేసిన ప్రయోగంలో దీనికి తలకిందులైన సంగతి కనిపించింది. బరువులతో వ్యాయామం చేసినవారు ఏకాగ్రత పరీక్షలో మెరుగయ్యారు, కానీ వారి మెదడు మొత్తం పరిమాణం పోలిక బృందంతో చూస్తే కాస్త తగ్గింది. ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుంటే, స్కానింగ్‌లో కనిపించే పరిమాణాన్ని ఆ మనిషి రోజువారీ తెలివికి కొలమానంగా తీసుకోకూడదని అర్థమవుతుంది. స్కాన్‌లో వచ్చిన మార్పు, పరీక్షలో వచ్చిన మార్పు, ఇంట్లో లెక్కలు చూసుకోగలగడం, మందులు గుర్తుపెట్టుకోగలగడం వంటి నిజ జీవితపు మార్పు, ఈ మూడింటినీ ఒకే మనుషుల్లో దీర్ఘకాలం కలిపి కొలిచిన పరిశోధనలు చాలా తక్కువ. మొదటి అవసరం అక్కడుంది.

ఇక జనాన్ని గమనించే అధ్యయనాల సంగతి. చురుగ్గా తిరిగేవాళ్లకు డిమెన్షియా తక్కువగా వస్తుందని ఇవి పదేపదే చెప్పాయి. 2022లో బ్రిటన్‌కు చెందిన 78,430 మంది మణికట్టు పరికరాల లెక్కలను విశ్లేషించి, రోజుకు 9,800 అడుగుల దాకా నడిచేవారిలో డిమెన్షియా ముప్పు దాదాపు సగం, 3,800 అడుగులు వేసేవారిలో పావు వంతు తక్కువగా ఉందని ప్రకటించారు. ఫోన్‌లో అడుగులు లెక్కపెట్టుకునే వారందరికీ ఇది ఎంతో ఊరటనిచ్చే వార్త. కానీ ఆ మనుషులను గమనించిన కాలం సగటున ఏడేళ్లకు లోపే, అసలు చిక్కు అదే.

అల్జీమర్స్‌లో మెదడులో అమిలాయిడ్ అనే ప్రొటీన్ పేరుకోవడం లక్షణాలు కనబడడానికి 15, 20 ఏళ్ల ముందే మొదలవుతుంది. ఆ దశలో మనిషికి మరపు ఉండదు గాని ఉత్సాహం తగ్గవచ్చు, కొత్త చోట్లకు వెళ్లాలనిపించకపోవచ్చు, నడక మందగించవచ్చు. అంటే నడక తగ్గడం వల్ల జబ్బు వచ్చిందా, జబ్బు లోపల మొదలవడం వల్ల నడక తగ్గిందా అన్నది ఏడేళ్ల గమనింపుతో తేలదు. లండన్ ప్రభుత్వోద్యోగుల మీద 1985లో మొదలైన వైట్‌హాల్ అధ్యయనం ఈ విషయాన్ని సూటిగా పరిశీలించింది. 10,308 మందిని దాదాపు 28 ఏళ్లు అనుసరించిన ఆ పరిశోధన ఫలితాలు 2017లో వెలువడ్డాయి: మధ్యవయసులో చేసిన వ్యాయామానికీ తర్వాతి డిమెన్షియాకూ సంబంధం కనబడలేదు, కానీ జబ్బు నిర్ధారణ కావడానికి సుమారు తొమ్మిదేళ్ల ముందు నుంచే ఆ రోగుల శారీరక శ్రమ తగ్గుతూ వచ్చింది. 2019లో 4,04,840 మంది వివరాలను కలిపి చూసిన విశ్లేషణ కూడా అదే చెప్పింది. జబ్బుకు ముందరి పదేళ్లలో కొలిచిన నిష్క్రియత జబ్బుతో ముడిపడి ఉంది, పదేళ్లకు ముందు కొలిచిన నిష్క్రియత ముడిపడి లేదు.

ఈ ఫలితాలతో వ్యాయామం పనికిరాదని తేల్చేస్తే అది మరో తొందరపాటు అవుతుంది. వైట్‌హాల్‌లో శ్రమను ప్రశ్నావళితో కొలిచారు, పరికరంతో కాదు. మనుషులు తాము చేసిన వ్యాయామాన్ని సరిగ్గా గుర్తుపెట్టుకోలేరు, అలా చెదిరిన కొలత నిజంగా ఉన్న సంబంధాన్ని కూడా బలహీనంగా చూపించగలదు. కాబట్టి రెండో అవసరం, నలభైలలో ఉన్నవారికి మణికట్టు పరికరాలు కట్టి, ఇరవై ఏళ్లు వదలకుండా అనుసరించే అధ్యయనాలు. పరికరపు ఖచ్చితత్వం, దీర్ఘకాలం రెండూ ఉన్న సమాచారం ఇప్పుడిప్పుడే పోగవుతోంది.

గమనింపులతో తేలనిదాన్ని ప్రయోగాలు తేల్చాలి. అమెరికాలో లైఫ్ అనే ప్రయోగంలో 70 నుంచి 89 ఏళ్ల మధ్య ఉన్న 1,635 మంది రెండేళ్లు పాల్గొన్నారు. వ్యాయామ బృందంలో నడవలేని స్థితికి చేరినవారు తగ్గారు, ఇది చిన్న విజయం కాదు. తెలివికి సంబంధించిన పరీక్షల్లో మాత్రం ఆరోగ్య పాఠాలు విన్న బృందానికీ వీరికీ తేడా రాలేదని 2015లో ప్రకటించారు. 2022లో వెలువడిన మరో అమెరికా ప్రయోగంలో, మరపు పెరిగిందని స్వయంగా ఆందోళన పడుతున్న 585 మంది వృద్ధులకు వ్యాయామం గాని, ధ్యానం గాని, రెండూ కలిపి గాని ఇచ్చి చూశారు, జ్ఞాపకశక్తి మెరుగుపడలేదు. ఇంగ్లండ్‌లో ఇప్పటికే డిమెన్షియా ఉన్న 494 మందితో నిర్వహించి 2018లో ఫలితాలు ప్రకటించిన డాపా ప్రయోగంలో, కాస్త తీవ్రమైన వ్యాయామం చేసినవారి శారీరక దారుఢ్యం పెరిగింది గాని, ఏడాది తర్వాత వారి తెలివి స్కోరు పోలిక బృందం కంటే కొద్దిగా తక్కువగానే ఉంది. 2023లో ఆరోగ్యవంతుల మీద జరిగిన 109 ప్రయోగాలను, 11,266 మంది ఫలితాలను తిరగదోడిన ఒక సమీక్ష, అనుకూల ఫలితాలే ఎక్కువగా అచ్చవడం వంటి లోపాలను సరిదిద్దాక మిగిలే ప్రయోజనం చాలా స్వల్పమని చెప్పింది.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ముందుకు సాగలేను. తల్లికో తండ్రికో డిమెన్షియా వచ్చినప్పుడు, వాళ్లను రోజూ నడిపించి ఉంటే వచ్చేది కాదేమోనని పిల్లలు, భార్యలు, భర్తలు ఏళ్ల తరబడి తమను తాము తప్పుపట్టుకోవడం మన ఇళ్లలో సాధారణం. ప్రస్తుత ఆధారాలు అంతటి నిందను ఎవరి మీదా మోపడానికి ఒప్పుకోవు. రుజువును మించిన వాగ్దానం చేసినప్పుడు దాని భారం ఆఖరికి మోసేది ఇలాంటి కుటుంబాలే, అందుకే ఈ లెక్క జాగ్రత్తగా చూడాలి.

ప్రయోగాలు ఎందుకు తేల్చలేకపోయాయో చూస్తే తర్వాతి పరిశోధన ఎలా ఉండాలో బోధపడుతుంది. మందును పరీక్షించేటప్పుడు ఉత్తుత్తి మాత్ర ఇవ్వవచ్చు. నడకకు ఉత్తుత్తి నడక లేదు. తాను ఏ బృందంలో ఉన్నాడో ప్రతివాడికీ తెలుసు, ఆ ఆశ పరీక్ష రాసేటప్పుడు పనిచేస్తుంది. దాన్ని తగ్గించడానికి పోలిక బృందం చేత సాగదీసే కసరత్తులు చేయిస్తారు. వాళ్లూ వారానికి మూడు నాలుగు రోజులు ఇల్లు దాటి వచ్చి, పదిమందిని కలిసి, శిక్షకుడి మాట విని వెళతారు. అదంతా మెదడుకు మేలే అయితే రెండు బృందాల మధ్య తేడా మాయమవుతుంది. అమెరికాలో తొలి దశ మరపు ఉన్న 296 మందిపై చేసిన ఎగ్జర్ట్ ప్రయోగంలో అలాగే జరిగింది: గుండె వేగం పెంచే ఏరోబిక్ వ్యాయామం చేసినవారికీ, సాగదీసే కసరత్తులు చేసినవారికీ తేడా రాలేదు, రెండు బృందాలూ ఏడాదిలో పెద్దగా క్షీణించలేదు. దీన్ని రెండూ పనిచేశాయని చదవవచ్చు, ఏదీ పనిచేయలేదని కూడా చదవవచ్చు. ఏమీ చేయని మూడో బృందం ఉంటే తప్ప తేల్చలేని ప్రశ్న ఇది.

ఎవరిని ఎంచుకుంటున్నామన్నది మరో లోపం. ఇలాంటి ప్రయోగాలకు ముందుకొచ్చేవారు చాలావరకు చదువుకున్నవారు, ఆరోగ్య స్పృహ ఉన్నవారు, ఏడాదిలో పెద్దగా క్షీణించనివారు. క్షీణతే లేనిచోట దాన్ని ఆపినట్టు చూపించడం ఎలా? లైఫ్ ప్రయోగంలోనే, 80 దాటినవారిలోనూ, మొదట్లో శరీరం బాగా బలహీనంగా ఉన్నవారిలోనూ పనులను క్రమపరచుకునే సామర్థ్యం కాస్త మెరుగైన సూచనలు కనిపించాయి. తర్వాత విడదీసి చూసిన లెక్క కాబట్టి దాన్ని రుజువు అనలేం. అలాంటివారితోనే ప్రత్యేకంగా ప్రయోగం చేయడానికి అది సరిపోయే కారణం.

అన్నిటికంటే పెద్ద లోపం, ముందే అన్నట్టు, వ్యవధి. డెబ్బైలో మొదలై డెబ్బై రెండులో ముగిసే ప్రయోగం, యాభైలో మొదలైన జబ్బును గురించి చెప్పగలిగింది కొంచెమే. అలాగని ఎవరి చేతనైనా ఇరవై ఏళ్లు ఒక పద్ధతిలో వ్యాయామం చేయించడం, మరొకరిని చేయవద్దని ఆపడం సాధ్యమూ కాదు, న్యాయమూ కాదు. రక్తపోటు మీద జరిగిన స్ప్రింట్ ప్రయోగం ఈ విషయంలో ఒక దారి చూపింది. 9,361 మందిలో సగం మందికి పై రక్తపోటును 120 లోపుకు తగ్గించగా, గుండెకు మేలు ముందే తేలిపోవడంతో చికిత్సను అనుకున్నదాని కంటే ముందే ఆపేశారు. కానీ మనుషులను అనుసరించడం ఆపలేదు. 2019 నాటికి తొలి దశ మరపు 19 శాతం తక్కువగా వచ్చినట్టు తేలింది, డిమెన్షియాపై ప్రభావం మాత్రం సంఖ్యాశాస్త్రపరంగా నిర్ధారణ కాలేదు. వ్యాయామ ప్రయోగాల్లోనూ కసరత్తు రెండేళ్లకు ముగిసినా, పాల్గొన్నవారిని ఆ తర్వాత పది, పదిహేనేళ్లు ఆసుపత్రి రికార్డుల ద్వారా, అల్జీమర్స్ జాడను చూపే పీ-టావ్ 217 వంటి ప్రొటీన్లను రక్తంలో కొలవడం ద్వారా అనుసరించే ఏర్పాటు మొదటి రోజే చేసుకోవాలి. ఒకప్పుడు ఖరీదైన పెట్ స్కాన్, వెన్ను నీటి పరీక్ష ఉంటే గాని తెలియని సంగతి ఇప్పుడు రక్త నమూనాతో చాలావరకు తెలుస్తోంది. పదేళ్ల క్రితం ఈ వీలు లేదు.

వ్యాయామం ఒక్కదాన్నే కాక ఆహారం, మెదడుకు సాధన, రక్తపోటు పర్యవేక్షణలతో కలిపి ఇచ్చే పద్ధతికి ఫలితాలు కాస్త మెరుగ్గా ఉన్నాయి. ఫిన్లాండ్‌లో మియా కివిపెల్టో నాయకత్వాన 1,260 మందితో జరిగిన ఫింగర్ ప్రయోగం, రెండేళ్ల తర్వాత తెలివి పరీక్షల్లో లాభం కనిపించిందని 2015లో చూపించింది. 2025లో వెలువడిన అమెరికా పాయింటర్ ప్రయోగం 2,111 మందిలో, పద్ధతిగా శిక్షణ పొందినవారు సొంతంగా చేసుకున్నవారి కంటే కొంచెం ఎక్కువ మెరుగయ్యారని చెప్పింది. ఈ కలయికలో వ్యాయామం వాటా ఎంతో ఈ ప్రయోగాల రూపకల్పనలోనే తేలదు.

ఇక మన దగ్గరికి వస్తే, భారతదేశంలో 60 దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉన్నట్టు 2023లో అంచనా వేశారు. 2022 నాటికి దేశంలోని పెద్దల్లో దాదాపు సగం మంది, మగవారి కంటే ఆడవారు ఎక్కువగా, తగినంత శారీరక శ్రమ చేయడం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల లెక్క. పైన చెప్పిన ప్రయోగాలన్నీ ధనిక దేశాల్లో జరిగినవే. వాటి ఫలితాలు మనకు వర్తిస్తాయా అన్న ప్రశ్న సబబే. అయితే దాన్ని మించినది మరొకటుంది, ప్రపంచం ముందున్న చిక్కును విప్పడానికి మన సమాజపు నిర్మాణం ఎలా ఉపయోగపడుతుందన్నది.

ధనిక దేశాల్లో తీరిక వేళల్లో వ్యాయామం చేసేవారు సాధారణంగా ఎక్కువ చదువుకున్నవారు, డబ్బున్నవారు. చదువు సైతం డిమెన్షియాను దూరం పెడుతుంది కాబట్టి, కనిపించిన లాభం వ్యాయామానిదా, చదువుదా అన్నది విడదీయడం కష్టం. మన పల్లెల్లో ఈ లెక్క తిరగబడుతుంది. వరి నాట్లు వేసి, కలుపు తీసి, మిరపకాయలు కోసి, రోజంతా ఒంగి పనిచేసే మహిళ చదువు లేనిది. కుర్చీలో కూర్చుని పనిచేసే ఉద్యోగి చదువుకున్నవాడు. నిజామాబాద్, జగిత్యాల ప్రాంతాల్లో బీడీలు చుట్టే మహిళలది పేదరికమే, కాని గంటల తరబడి కదలకుండా చేసే పని. శ్రమ, చదువు, ఆదాయం ఇన్ని రకాలుగా కలిసే సమాజంలో శరీర శ్రమ ప్రభావాన్ని వేరు చేసి చూడడానికి వీలు ఎక్కువ. కూలి శ్రమకూ వ్యాయామానికీ ఫలితం ఒకటేనా అన్నది స్వయంగా పెద్ద ప్రశ్న. కోపెన్‌హాగెన్ పురుషుల మీద జరిగిన అధ్యయనంలో బరువైన శారీరక పని చేసినవారిలో డిమెన్షియా తక్కువగా కాక ఎక్కువగానే కనిపించింది. విశ్రాంతి లేకపోవడమా, పోషణ చాలకపోవడమా, రక్తపోటుకు మందు అందకపోవడమా అన్నది మన పొలాల్లో చూడవచ్చు.

ఇలా విప్పడం సాధ్యమేననడానికి హైదరాబాద్‌లోనే ఒక ముందరి దృష్టాంతం ఉంది. రెండు భాషలు మాట్లాడడం డిమెన్షియాను వాయిదా వేస్తుందన్న వాదనకు కెనడా వంటి చోట్ల, అక్కడి ద్విభాషులు ఎక్కువగా వలస వచ్చినవారే కావడంతో స్పష్టత రాలేదు. నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థలో సువర్ణ అల్లాడి బృందం, తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లిష్ కలగలిసిన ఈ నగరంలోని 648 మంది రోగులను పరిశీలించి, ద్విభాషులకు జబ్బు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందని, చదువు రానివారిలో కూడా ఆ తేడా ఉందని 2013లో చూపింది. ప్రపంచం ఆ పరిశోధన వైపు చూసిందంటే దానికి కారణం ఈ ఊరి మనుషుల కలయికే. వ్యాయామం విషయంలో ఆ పని ఇంకా జరగలేదు.

దానికి కావలసిన సాధనాలు కొన్ని ఇప్పటికే చేతిలో ఉన్నాయి. చదువు రానివారికి పెన్సిల్ ఇచ్చి గడియారం బొమ్మ వేయమని మతిని కొలవడం అన్యాయం. భారత వైద్య పరిశోధన మండలి తెలుగుతో సహా ఐదు భారతీయ భాషల్లో తయారు చేయించిన పరీక్షల సంపుటి ఆ లోపాన్ని కొంత సరిదిద్దుతుంది. తెలుగు మాట్లాడేవారు గణనీయంగా ఉన్న కోలారు జిల్లా శ్రీనివాసపురంలో, బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థలోని మెదడు పరిశోధన కేంద్రం 45 ఏళ్లు దాటిన గ్రామీణులను దీర్ఘకాలం అనుసరిస్తోంది. మధ్యవయసు నుంచి, పల్లెవాసులతో మొదలుపెట్టడం సరైన ఎంపిక. మణికట్టు పరికరాలతో శ్రమను కొలవడంతో పాటు ఎండ తీవ్రతను, గాలి నాణ్యతను కూడా నమోదు చేయాలి. కాలుష్యం ఎక్కువగా ఉన్నచోట తీవ్ర వ్యాయామం వల్ల మెదడు తెల్లపదార్థానికి, అంటే మెదడు భాగాలను కలిపే నాడీ తంతువులకు కలిగే మేలు కనిపించలేదని బ్రిటన్ స్కాన్ల విశ్లేషణ ఒకటి చెప్పింది. మే నెల ఎండలో బయట నడవమన్న సలహాకు ఏ విలువ ఉందో లండన్ లెక్కలు చెప్పలేవు.

డబ్బు ఎవరు పెట్టాలన్నది మిగిలింది. నడకకు పేటెంటు లేదు, కాబట్టి మందుల కంపెనీ దాని మీద ఇరవై ఏళ్ల పరిశోధనకు పెట్టుబడి పెట్టదు, ప్రజాధనంతోనే జరగాలి. మొదలుపెట్టడానికి కొత్త బృందాన్ని వెతకవలసిన అవసరం కూడా లేదు. హైదరాబాద్ చుట్టుపక్కల 29 గ్రామాల్లో 1987 నుంచి 1990 దాకా గర్భిణులకు, పసిపిల్లలకు అదనపు ఆహారం ఇచ్చిన ప్రయోగం ఒకటి జరిగింది. అప్పుడు పుట్టినవారిని, తర్వాత వారి తల్లిదండ్రులను పరిశోధకులు మళ్లీ మళ్లీ వెళ్లి పరీక్షించారు. పుట్టుక నాటి పోషణ, యౌవనంలో శరీర స్థితి, తల్లిదండ్రుల ఆరోగ్యం ఒకేచోట తెలిసిన ఇలాంటి గ్రామీణ బృందాలు ప్రపంచంలో అరుదు. అప్పుడు పుట్టినవారికి 2032, 2035 మధ్య 45 ఏళ్లు నిండుతాయి. వారి శ్రమను పరికరంతో కొలవడం, రక్త నమూనా భద్రపరచడం, తెలుగులో మొదటి జ్ఞాపకశక్తి పరీక్ష పెట్టడం ఆ లోపే జరగాలి.